ఆటలో మన పేరు – ‘కి’, ‘కు’ల దగ్గర వచ్చిన చిక్కు
కంప్యూటరు ఆట రాసిన కుర్రాడికి తెలుగు మాస్టారు చెప్పిన కిటుకు

(మా గ్రామీణ విలేఖరి)

“లక్ష్మికు స్వాగతం” అని తెరమీద అక్షరాలు వచ్చాయి. అరుగుమీద మూగిన పిల్లలంతా గొల్లుమన్నారు. ఆట మొదలయింది. పైనుంచి రాలే మామిడికాయల్ని బుట్టలో పట్టడమే ఆట. పదకొండేళ్ళ ఆ పిల్ల అందరికన్నా ఎక్కువ కాయలు పట్టింది. ఆట ముగిశాక “లక్ష్మి గెలిచాడు” అని వచ్చింది. ఈసారి నవ్వులు ఇంకా ఎక్కువయ్యాయి. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. “గెలిచింది నేనయితే ఎవడో గెలిచాడంటుందేం? ఇది మగపిల్లల ఆట, నాకొద్దు” అని లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

వేసవి సెలవుల్లో మా మండలంలోని ఒక గ్రామంలో ఈ విలేఖరి కళ్ళారా చూసిన సంగతి ఇది. పిల్లల పేర్లు ఇక్కడ మార్చి రాస్తున్నాము. ఆట రాసింది ఆ పిల్ల పెదనాన్న కొడుకు, తొమ్మిదో తరగతి పాసయిన కుర్రాడు. పట్నంలో చదివే మేనమామ పాత ల్యాప్‌టాప్ ఇస్తే, దానిమీద తనంతట తానే నేర్చుకుని రాశాడు. చెల్లెలు అలిగి వెళ్ళిపోయినందుకు అతను చిన్నబుచ్చుకున్నాడు. “నేను తప్పేం రాయలేదండీ. పేరు ఒక్కటే మారుతుంది, మిగతా మాటలు మారవు. ఇంగ్లీషులో రాసినప్పుడు బాగానే వచ్చింది” అన్నాడు.

అతని మాటలోనే చిక్కంతా ఉన్నది. పేరు మారితే మిగతా మాటలు మారవన్నది ఇంగ్లీషుకు చాలావరకు చెల్లుతుంది. తెలుగుకు చెల్లదు. మన పిల్లలు ఇప్పుడు ఆటలు ఆడటమే కాక రాయటం కూడా నేర్చుకుంటున్నారు కనుక, ఈ సంగతి కాస్త వివరంగా తెలుసుకోవటం మంచిది.

శుభలేఖలో ఖాళీ జాగా

ఆటలోకి వచ్చిన ప్రతివారినీ పేరుపెట్టి పిలవాలంటే కంప్యూటరుకు ఎలా చెప్పాలి? వెయ్యిమంది ఆడతారనుకుంటే వెయ్యి వాక్యాలు రాయలేము కదా.

పెళ్ళి శుభలేఖ గుర్తు తెచ్చుకోండి. లోపలి మాటలన్నీ ప్రెస్సులో అచ్చయిపోతాయి. కవరుమీద “శ్రీ” తరవాత, “గారికి” ముందు జాగా ఖాళీగా వదులుతారు. పంచేటప్పుడు ఆ జాగాలో ఒక్కొక్కరి పేరు రాస్తారు. అచ్చయిన మాట అందరికీ ఒకటే. పేరు మాత్రం కవరు కవరుకూ వేరు.

కంప్యూటరు ఆటలోనూ అంతే. మారని మాటను టెక్స్టు అంటారు. మారే పేరును ఉంచుకునే చోటును వేరియబుల్ అంటారు. వేరియబుల్ అంటే చీటీ అంటించిన డబ్బా అనుకోవచ్చు. డబ్బాపైన “పేరు” అని చీటీ ఉంటుంది. లోపల ఇవాళ లక్ష్మి ఉంటుంది, రేపు రాము ఉంటాడు. చీటీ మారదు, సరుకు మారుతుంది. టెక్స్టునూ, డబ్బాలోని సరుకునూ పక్కపక్కన అతికించి ఒకే వాక్యంగా చూపించటమే ఈ పని అంతా.

పిల్లి నేర్పే పాఠం

ఆ కుర్రాడు వాడింది స్క్రాచ్ అనే సాధనం. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెజ్నిక్ బృందం పిల్లల కోసం దీన్ని తయారుచేసి 2007లో విడుదల చేసింది. పైకం కట్టనక్కరలేదు. కంప్యూటరులోకి ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెరిచినప్పుడు తెరమీద నారింజరంగు పిల్లి బొమ్మ కనిపిస్తుంది. ఇందులో ఆజ్ఞలను టైపు చెయ్యక్కరలేదు. రంగురంగుల దిమ్మెల రూపంలో ఉంటాయి. వాటిని ఒకదానికింద ఒకటి తగిలిస్తూ పోవాలి.

పేరుపెట్టి పిలవటానికి మూడు మెట్లున్నాయి. మొదటిది, “నీ పేరేమిటి?” అని అడిగే దిమ్మె పెట్టాలి. అది జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఆడేవారు టైపు చేసింది “ఆన్సర్” అనే డబ్బాలో పడుతుంది. రెండవది, “పేరు” అనే కొత్త వేరియబుల్ చేసుకుని, ఆ జవాబును అందులో దాచుకోవాలి. మూడవది, “జాయిన్” అనే ఆకుపచ్చ దిమ్మె తీసుకోవాలి. దానిలో రెండు గళ్ళుంటాయి. ఒక గడిలో మాట, ఇంకొక గడిలో వేరియబుల్ పెడితే రెంటినీ అతికించి ఇస్తుంది. మూడు ముక్కలు అతకాలంటే ఒక జాయిన్ గడిలో ఇంకొక జాయిన్‌ను దూర్చాలి.

చెప్పటానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం కొత్తవాళ్ళు వరసగా మూడు చోట్ల కాలు జారతారు. తనూ ఆ మూడు చోట్లా జారానని ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు.

మొదటిసారి గడిలో వేరియబుల్‌ను లాగి పెట్టటానికి బదులు “పేరు” అని టైపు చేశాడు. ఎవరు వచ్చినా పిల్లి “స్వాగతం పేరు” అన్నది. డబ్బాలోని సరుకు అడిగితే పైనున్న చీటీ చదివినట్లయింది. రెండోసారి “స్వాగతంలక్ష్మి” అని రెండు మాటలూ కలిసిపోయి వచ్చాయి. మాటకూ పేరుకూ మధ్య ఖాళీ ఉండాలని కంప్యూటరు తనంతట తాను అనుకోదు. ఆ ఖాళీ కూడా ఒక అక్షరమే. “స్వాగతం” తరవాత మనమే ఒకసారి స్పేసు కొట్టాలి.

మూడోది ఇంకా తమాషా. ఇద్దరు ఆడే ఆటలో ఇద్దరి పేర్లూ వరసగా అడిగాడు. చివరకు ఇద్దరినీ రెండోవాడి పేరుతోనే పిలిచింది. కారణమేమంటే ఆన్సర్ డబ్బా ఒక్కటే. రెండో జవాబు రాగానే మొదటిది పోతుంది. అందుకే ఒక్కొక్కరి జవాబును వెంటనే వారి వారి డబ్బాలో దాచుకోవాలి.

అంకెల దగ్గర కూడా ఒక జాగ్రత్త అవసరం. 5నీ 3నీ జాయిన్‌లో పెడితే 8 రాదు, 53 వస్తుంది. జాయిన్‌కు కూడటం తెలియదు, అతకటమే తెలుసు. పాయింట్లు కూడటానికి వేరే కూడిక దిమ్మె ఉన్నది.

తెలుగులో మెలిక

ఇవన్నీ దాటినా “లక్ష్మికు స్వాగతం” ఎందుకొచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని ఈ విలేఖరి, ఆ కుర్రాడు కలిసి ఊళ్ళోనే ఉంటున్న రిటైరయిన తెలుగు మాస్టారి ఇంటికి వెళ్ళాము. ఆయన ఎప్పుడూ కంప్యూటరు ముట్టుకోలేదు. కథంతా విని, “ఇది మీ యంత్రం తప్పు కాదర్రా, విభక్తి తప్పు” అన్నారు.

ఆయన చెప్పిన వివరం ఇది. రాముకు, సీతకు, సుబ్బమ్మకు అంటాం. కాని రవికి, లక్ష్మికి, గౌరికి అంటాం. పేరు చివర ఇకారం ఉంటే దానిమీద వచ్చే ‘కు’ ‘కి’ అవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి సూత్రమే ఉన్నది. వాడుకలో చాలామంది రాముకి, సీతకి అని అన్నిటికీ ‘కి’ అంటారు. అది చెల్లుతుంది. రవికు, లక్ష్మికు అని మాత్రం ఎవరూ అనరు. కుర్రాడు తన పేరుకు సరిపడేట్టు ‘కు’ అని రాసి ఊరుకున్నాడు. అతని పేరు చివర ఇకారం లేదు. అందుకే తాను ఆడినంతకాలం తప్పు బయటపడలేదు.

“అయితే అన్నిటికీ ‘కి’ పెట్టేస్తే సరి” అన్నాడు కుర్రాడు. మాస్టారు నవ్వి, “రాముడు వస్తే ఏం చేస్తావు?” అని అడిగారు. రాముడు పక్కన ‘కి’ చేరిస్తే “రాముడుకి” అవుతుంది. మనం అనేది “రాముడికి”. అంటే చివర అతికిస్తే చాలదు, పేరులోని అక్షరమే మారుతుంది.

ఇంగ్లీషులో “వెల్‌కమ్” తరవాత ఎవరి పేరు పెట్టినా ఏ అక్షరమూ మారదు. తెలుగులో ప్రత్యయం పేరును అంటుకుని ఉంటుంది. ఇంగ్లీషు నేర్పిన పద్ధతిని యథాతథంగా దించితే ఇక్కడే బెడిసికొడుతుంది.

ఆడ, మగ తేడా రెండో మెలిక. గెలిచాడు, గెలిచింది అని క్రియే మారుతుంది. ఇంగ్లీషులో “వన్” అంటే ఆడపిల్లకూ, మగపిల్లవాడికీ ఒకటే మాట. కుర్రాడు ఆట రాసేటప్పుడు మనసులో తననూ, తన స్నేహితులనూ పెట్టుకుని “గెలిచాడు” అని రాశాడు. చెల్లెలు ఆడుతుందన్న తలపు అతనికి రాలేదు. ఆ పిల్ల అలగటంలో న్యాయం ఉన్నది.

పొల్లు కింద వత్తు

మూడో మెలిక వ్యాకరణానిది కాదు, కంప్యూటరులో తెలుగు లిపి కూర్పుది. పిల్లల్లో ఒకరి పేరు రామ్. దానికి ‘కు’ అతికిస్తే తెరమీద “రామ్కు” అని, మకారం కింద కవత్తుతో వచ్చింది. చదివినవాడికి నోరు తిరగలేదు.

కంప్యూటరులో తెలుగు అక్షరాలకు యూనికోడ్ అనే పద్ధతిలో సంఖ్యలుంటాయి. అందులో పొల్లుకు ఒక సంఖ్య ఉన్నది. పొల్లు తరవాత హల్లు వస్తే దాన్ని వత్తుగా మార్చాలని లెక్క. “రామ్” చివర పొల్లున్నది, “కు” మొదట హల్లున్నది. రెంటినీ దగ్గరకు చేర్చగానే వత్తు పడింది. విడివిడిగా సరిగా ఉన్న రెండు ముక్కలు అతికించగానే చెడిపోయాయన్నమాట. మధ్యలో స్పేసు పెడితే విడిపోతాయి. కంటికి కనపడకుండా విడదీసే గుర్తు కూడా యూనికోడ్‌లో ఉన్నది. అది పెడితే “రామ్‌కు” అని వస్తుంది.

అక్షరాల లెక్క విషయంలోనూ మనకూ కంప్యూటరుకూ తేడా ఉన్నది. “లక్ష్మి”లో ఎన్ని అక్షరాలని మాస్టారిని అడిగితే రెండన్నారు. స్క్రాచ్‌లో పొడవు చెప్పే దిమ్మెను అడిగితే ఏడన్నది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి – ఇలా గుణింతం గుర్తులనూ, పొల్లులనూ కూడా అది విడివిడిగా లెక్కపెడుతుంది. మాస్టారికి ఇది నచ్చింది. “పలక మీద మేము నేర్పింది కూడా ఇలాగే కదా” అన్నారు.

ఈ లెక్క వల్ల ఒక ఉపయోగం కూడా ఉన్నది. పేరులోని చివరి గుర్తు ఏమిటో కంప్యూటరు చెప్పగలదు. అది గుడి గాని, గుడిదీర్ఘం గాని అయితే ‘కి’ అతికించు, కాకపోతే ‘కు’ అతికించు అని షరతు పెట్టవచ్చు. పొల్లయితే ముందు ఒక స్పేసు చేర్చమనవచ్చు. కుర్రాడు అరగంటలో అది చేసి చూపించాడు. లక్ష్మి, రవి, సీత, రామ్ – నాలుగు పేర్లూ సరిగా వచ్చాయి. రాముడి దగ్గర మళ్ళీ ఆగింది.

మాస్టారు చెప్పిన కిటుకు

అప్పుడు మాస్టారు లోపలికి వెళ్ళి రెండు కాగితాలు తెచ్చారు. ఒకటి శుభలేఖ, ఇంకొకటి ఏదో దరఖాస్తు ఫారం. “మీకొచ్చిన చిక్కు ఈ రెంటికీ ఎందుకు రాలేదో చూడండి” అన్నారు.

శుభలేఖ మీద “గారికి” అని అచ్చయి ఉన్నది. పేరుకు విభక్తి తగలటం లేదు, “గారు”కు తగులుతున్నది. లక్ష్మి గారికి, రవి గారికి, నాయుడు గారికి, రామ్ గారికి – ఏ పేరయినా సరే, ఆ పేరులో ఒక్క అక్షరం మారదు. పైగా “గారు” అన్నాక “గెలిచారు” అంటాము. ఆడ, మగ తేడా కూడా తీరిపోయింది. మనవాళ్ళు మర్యాదకు పెట్టుకున్న మాట ఇక్కడ రెండు చిక్కులను ఒకేసారి విప్పింది.

దరఖాస్తు ఫారంలో వాక్యాలే లేవు. “పేరు”, “ఊరు”, “వయస్సు” అని ఉండి, పక్కన ఖాళీలున్నాయి. ఎవరి పేరు రాసినా దాని పక్కన ఏ ప్రత్యయమూ రాదు. ఆటలోనూ అలాగే “విజేత: లక్ష్మి, పాయింట్లు: 12” అని చూపితే ఏ గొడవా లేదు. “1 పాయింట్లు” అనే తప్పు కూడా తప్పించుకోవచ్చు.

పదేళ్ళ పిల్లల్ని గారు అని పిలిస్తే నవ్వరా అని ఈ విలేఖరి అడిగాడు. “నవ్వనివ్వండి. ఆ నవ్వు వేరు, ఇందాకటి నవ్వు వేరు” అన్నారు మాస్టారు.

పెద్ద భాషల్లోనూ ఇదే పని

స్క్రాచ్ దాటి పైకి వెళ్ళే పిల్లలు ఇదే పనిని టైపు చేసి చేస్తారు. రోబ్లాక్స్ అనే ఆటల వేదిక 2006లో ప్రజలముందుకు వచ్చింది. అందులో ఆటలు రాయటానికి వాడే భాష లువా అనే భాషనుంచి పుట్టింది. లువాను 1993లో బ్రెజిల్ దేశంలో, రియో డి జనీరోలోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు తయారుచేశారు. పోర్చుగీసు భాషలో లువా అంటే చంద్రుడు. ఆ భాషలో టెక్స్టుకూ వేరియబుల్‌కూ మధ్య రెండు చుక్కలు పెడితే రెండూ అతుక్కుంటాయి. టెక్స్టును కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి, వేరియబుల్‌ను గుర్తులు లేకుండా రాయాలి. ఈ తేడా మరిచిపోతే స్క్రాచ్‌లో వచ్చిన “స్వాగతం పేరు” తప్పే ఇక్కడా వస్తుంది. డబ్బాలో ఏమీ లేకుండా అతికించబోతే ఆ ఆజ్ఞ దగ్గరే తప్పు చూపి ఆగిపోతుంది.

పైథాన్ భాషలో కూడిక గుర్తుతో అతుకుతారు. అయితే మాటకూ అంకెకూ మధ్య ఆ గుర్తు పెడితే ఒప్పుకోదు, అంకెను ముందు మాటగా మార్చాలి. 2016లో వచ్చిన పైథాన్ 3.6 నుంచి ఇంకొక సులువు ఉన్నది. కొటేషన్ గుర్తుకు ముందు f అనే అక్షరం పెట్టి, వాక్యం మధ్యలోనే మీసాల బ్రాకెట్లు పెట్టి వాటిలో వేరియబుల్ పేరు రాస్తే చాలు. అచ్చం శుభలేఖలో ఖాళీ జాగా లాగే ఉంటుంది.

తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. ఊరి అరుగుమీద ఆడే ఆటలో సొంత పేరు పెట్టుకుంటే ఇబ్బంది లేదు. ఇంటర్నెట్ మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు పిల్లలు అసలు పేరు, ఊరిపేరు, పుట్టిన సంవత్సరం పెట్టుకోకూడదు. రోబ్లాక్స్‌లో ఖాతాపేరు ఒకటి, పైకి చూపే పేరు ఒకటి, రెండుంటాయి. ఖాతాపేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఒక అడ్డగీత మాత్రమే కుదురుతాయి. రెండు పేర్లూ అవతలివారికి కనిపించేవే కనుక రెంటి విషయంలోనూ జాగ్రత్త అవసరం.

మళ్ళీ అరుగుమీద

మర్నాడు సాయంత్రం ఆ కుర్రాడు చెల్లెలి ఇంటికి వెళ్ళి, “మార్చాను, ఒకసారి చూడవే” అని బతిమాలి తీసుకువచ్చాడు. ఆమె పేరు టైపు చేసింది. “లక్ష్మి గారికి స్వాగతం” అని వచ్చింది. పిల్లలు మళ్ళీ నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది. ఆట అయ్యాక “లక్ష్మి గారు గెలిచారు” అని కనిపించగానే కింద నుంచి ఒక బుడతడు “లక్ష్మి గారూ, నాకో జామకాయ ఇప్పించండి” అన్నాడు.

రెండో ఆటకు ఆమె ఏమీ టైపు చెయ్యకుండానే మీట నొక్కింది. ఆట ఆగలేదు. చివరకు “ గారు గెలిచారు” అని మాత్రమే వచ్చింది. “ఎవరు గెలిచినట్టు?” అని అన్నను నిలదీసింది. కుర్రాడు తెల్లమొహం వేశాడు. ఖాళీ డబ్బా సంగతి అతను ఆలోచించలేదు.

ఆ తరవాత అరగంటసేపు ఇద్దరూ తల దించుకుని కూర్చున్నారు. పేరు పొడవు సున్నా అయితే మళ్ళీ అడుగు, సున్నా కానప్పుడే ఆట మొదలుపెట్టు అని షరతు పెట్టాలి. ఏ దిమ్మె ఎక్కడ తగిలించాలో అన్న వేలు పెట్టి చూపించాడు. లాగి తగిలించింది ఆ పిల్లే. దీపాలు పెట్టేవేళకు పని పూర్తయింది. “ఇప్పుడు పేరు చెప్పకపోతే ఎవర్నీ రానివ్వదు” అని ఆ పిల్ల చేతులు దులుపుకుని లేచింది.

ఇళ్ళల్లో ల్యాప్‌టాప్ ఉన్నవారు పిల్లలచేత ఇలాంటి ప్రయత్నం చేయించవచ్చు. ఆట రాసిన తరవాత కనీసం అయిదు పేర్లతో ఆడించి చూడాలి. చివర ఇకారం ఉన్నదొకటి, డుకారం ఉన్నదొకటి, పొల్లున్నదొకటి, ఆడపిల్ల పేరొకటి, అసలు పేరే లేకుండా ఒకటి. ఆ అయిదూ సరిగా వస్తే ఊళ్ళో ఎవరు వచ్చినా ఆ ఆట వాళ్ళను సరిగా పిలుస్తుంది.